ఎవారో దొరసాని

చేయవలసిన పనులు ఇవీ:

చిత్తరువుల మీది దుమ్ము దులపవలెను. అయితే ఆ దుమ్ము కూడా పురాతనమైనదే గనుక దానిని వేరుగా పొట్లము కట్టి భద్రపరచవలెను.

చిత్రకారుడు శ్రీ ఈలై పెట్టింగిల్, అమెరికా వాస్తవ్యులు, వారి నమూనా సంతకమును వారి బ్యాంకు ద్వారా తెప్పించవలెను.

సదరు చిత్రకారులు గతించి ఉన్నచో మరణ ధ్రువపత్రము, గతించనిచో జీవన ధ్రువపత్రము జతపరచవలెను.

చిత్తరువులలోని వ్యక్తులకు కుర్చీలు, మంచినీళ్ళు సిద్ధముగా ఉంచవలెను.

కమిటీ సభ్యులకు భోజనము. (ఇద్దరు ఉల్లిపాయ తినరు.)

రాజధాని నుంచి వచ్చిన ఈ కాగితాన్ని కొత్తరేవు మ్యూజియం సహాయకురాలు గరికిన నూకరత్నం చదివింది. చదివి, నాలుగో పని దగ్గర ఆగి మళ్ళీ చదివింది. చిత్తరువుల్లో ఉన్నవాళ్ళు పోయి నూటయాభై ఏళ్ళు దాటింది. వాళ్ళకి కుర్చీలెందుకో ఆమెకి బోధపడలేదు. అయినా వేయించింది. రత్నం వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ప్రభుత్వం వారు ఏదైనా రాశారంటే దాని వెనక ఏదో అర్థం ఉండే ఉంటుందని, అది తన బుర్రకి అందకపోతే తప్పు తన బుర్రదేనని గట్టిగా నమ్మిన పిల్ల.

అసలు సంగతి ఇది. తుపానుకి పాత కస్టమ్స్ బంగళా కప్పు ఎగిరిపోతే, అటక మీద గోనెపట్టాలో చుట్టిన మూడు తైలవర్ణ చిత్తరువులు బయటపడ్డాయి. ఒకటి, చెంపల నిండా కృతాలు పెంచిన రేవు అధికారి దొర. రెండోది, తలపాగా పెట్టుకున్న దుబాసీ, అంటే దొరలకి రెండు భాషల మధ్య మాట మోసే మనిషి. మూడోది ఒక ఆడమనిషి. మూడింటి వెనకా చిత్రకారుడి పేరుంది. అమెరికా నుంచి మంచుగడ్డలు మోసుకొచ్చిన ఓడలో వచ్చి, ఓడ బాగుపడేదాకా ఈ రేవులో చిక్కుపడిపోయి, కాలక్షేపానికి కనబడ్డవాళ్ళ మొహాలన్నీ గీసుకుంటూ కూచున్న పెట్టింగిల్ అనే ఆయన.

అంతకుముందు ఏడాది ఇదే జిల్లాలో బౌద్ధుల నాటి విహారం బయటపడితే దాని మీద టార్పాలిన్ కప్పడానికి కూడా డబ్బుల్లేవన్న శాఖ, ‘అమెరికా’ అన్న మాట చెవిన పడగానే ‘చిత్తరువుల సత్యనిర్ధారణ సంఘం’ వేసి, దానికో కారు కూడా ఇచ్చింది.

మూడు బొమ్మల దుమ్మూ రత్నమే దులిపింది. మొదటి రెండూ గంభీరంగా ఉన్నాయి. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి గుడ్డ ఆగిపోయింది. నల్లటి మనిషి, నడివయసు. నెత్తిమీద తడి గోనెపట్టా. దాని అంచు నుంచి నీళ్ళు నుదుటి మీదికి, ముక్కు మీదికి కారుతున్నాయి. ఆవిడ ఒక కన్ను మూసుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. ఆ రోజుల్లో ఆయిల్ పెయింటు ముందు కూచున్న వాళ్ళెవరూ నవ్వరు. ఈవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

రత్నం వాళ్ళ నానమ్మకి ఫొటో లేదు. రేషన్ కార్డు మీద ఉండేదిగానీ, అది మొహమో వేలిముద్రో తేల్చడం కష్టం. వాళ్ళ ముత్తమ్మలకి ఆపాటి మరక కూడా లేదు. అందుకే ఏమో, ఆ రోజు నుంచి రత్నం మ్యూజియం తలుపులు తీయగానే ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళి, "వచ్చేను అప్పా" అని సొంత అక్కకి చెప్పినట్టు చెప్పి, తరవాత లైట్లు వేసేది.

సంఘం అధ్యక్షులు ఉపసంచాలకులు ఆకెళ్ళ విశ్వపతి గారు. ఆయన జేబులో ఆకుపచ్చ సిరా కలం ఉంటుంది. గెజిటెడ్ హోదా వచ్చిన నాటి నుంచీ ఇంట్లో కేలండర్ మీద గ్యాసుబండ వచ్చిన తేదీ కూడా ఆయన ఆకుపచ్చ సిరాతోనే వేస్తారు, పక్కన పొట్టిసంతకంతో సహా.

మొదటి సమావేశంలో ఆయన మూడు బొమ్మల వంకా చూసి, "చిత్తరువు అనగా నేమి?" అన్నారు.

మ్యూజియం సూపరింటెండెంటు పైడి గవర్రాజు లేచి నిలబడ్డాడు. "బొమ్మండి."

"కాదు. మనిషి ముఖమునకు నకలు. నకలును ధ్రువీకరించుటకు నియమమేమి? అసలుతో సరిచూడవలెను. అసలు ఏదీ?"

"పోయారండి."

"అది వారి వ్యక్తిగత విషయము. సరిచూచుటకు హాజరు కావలెనా, వద్దా?"

కుర్చీలూ మంచినీళ్ళూ ఎందుకో రత్నానికి అప్పటికి అర్థమైంది. వేయించడం మంచిదే అయింది. ఆమె మెల్లిగా చెయ్యెత్తింది. "సార్, ఈ బొమ్మలు పెట్టింగిల్ గారు గీసినవా కాదా అన్నది కదండీ తేల్చాల్సింది? రంగులూ, గుడ్డా, కుంచె పట్టే తీరూ…"

విశ్వపతి గారు ఆమె వంక జాలిగా చూశారు. "అమ్మా, నకలు సరియైనదని తేలిన పిదప తీసినవారెవరైన నేమి? జిరాక్సు తీసినవాని పేరు మనమెన్నడైనా అడిగితిమా?"

సభ్యులందరూ ఆ మాటని మినిట్స్‌లో రాయించారు.

అసలు ఎలా దొరుకుతుందన్నది చిక్కుగా ఉండిపోయేదే. ఉల్లిపాయ తినని ఇద్దరిలో ఒకరైన విశ్రాంత ఆచార్యులు మంత్రిప్రగడ ఉమామహేశం గారు దారి చూపించారు. "ప్రభుత్వములో వ్యక్తి మారును, పోస్టు మారదు. రేవు అధికారి పోయెను, రేవు అధికారి ఉన్నాడు."

ఆ మాటతో ఇప్పటి రేవు అధికారి మజ్జి తవిటినాయుడుకి తాఖీదు వెళ్ళింది. ఆయన చెక్కపలకలా నున్నటి మొహంతో వచ్చి కుర్చీలో కూచుని మంచినీళ్ళు తాగాడు. అసలుకీ నకలుకీ కృతాల దగ్గర తేడా వచ్చింది. తేడా సరిచేసుకు రమ్మని ఆయనకి ప్రత్యేక సెలవు మంజూరైంది. ఆ సెలవు రాసుకోడానికి ఉన్న కారణాల్లో కృతాలు లేకపోవడంతో ‘ప్రసూతి’ కిందే రాశారు, అదొక్కటే పెరుగుదలకి సంబంధించినది కనక.

"పిల్లలు డాడీ అని పిలవడం మానేశారండీ," అన్నాడు తవిటినాయుడు చెంపల నిండా కృతాలతో తిరిగొచ్చి. "మా ఆవిడైతే గుడ్ మార్నింగ్ దొరగారూ అంటోంది."

దుబాసీ పోస్టు ఎప్పుడో రద్దయింది. రద్దయిన పోస్టుకి ఇన్‌ఛార్జి ఉండొచ్చన్నారు. రెండు భాషలు వచ్చినవాడు కావాలి. గవర్రాజుకి తెలుగూ వచ్చు, ఆఫీసు తెలుగూ వచ్చు. ఆయన నెత్తికి మ్యూజియం తెర చుట్టి కూచోబెట్టారు.

విశ్వపతి గారు దొరనీ తవిటినాయుడునీ, దుబాసీనీ గవర్రాజునీ మార్చి మార్చి చూసి, కలం మూత తీశారు. బొమ్మ మీద ధ్రువపత్రం ఆనించి, దొర చెంప మీద మొదలుపెట్టి కాగితం మీదికి జరజరా సంతకం లాగేశారు. ‘అసలుతో సరిచూడబడినది’ అన్న రబ్బరు ముద్ర దుబాసీ తలపాగా మీద ధన్‌మని పడింది. అట్టకట్టిన రంగు రెండు పెళ్ళలుగా ఊడి నేలమీద పడింది.

"అయ్యో, సార్!" అంది రత్నం. "రంగు మీద పెట్టేశారు!"

"సగము ముఖము మీద, సగము కాగితము మీద పడనిచో చెల్లదమ్మా. నీ హాల్‌టికెట్టు మీద ఎట్లు చేసినారు?"

నిజమే. ఆమె హాల్‌టికెట్టు ఫొటోలో ప్రిన్సిపాల్ సంతకం నుదుటి నుంచి గడ్డందాకా ఉంది. ఇన్విజిలేటరు ఆ గీతల్ని చూసే ఇది నువ్వేనమ్మా అని లోపలికి పంపించాడు. రత్నం ఊడిన పెళ్ళల్ని ఏరి పొట్లం కట్టింది, దుమ్ము పొట్లం పక్కన.

ఇక మూడోది. దీనికి పోస్టు ఏమిటో ఎవరికీ తెలీదు. బొమ్మ అడుగున చిత్రకారుడు ఇంగ్లీషు అక్షరాల్లో ఈ, వీ, ఏ, ఆర్, ఓ అని రాశాడు. మిగతా రెండింటి కింద పేర్లున్నాయి గనక ఇదీ పేరే.

ఉమామహేశం గారు అద్దాలు సవరించుకున్నారు. "ఎవారో! సందేహము లేదు, పోర్చుగీసు నామము. ఎవారో వంశపు దొరసాని. తలపై తడివస్త్రము చూడుడు, జ్ఞానస్నానము జరుగుచున్నది. ఆ పారవశ్యములో ఒక కన్ను మూసినది."

"మనిషి నల్లగా ఉన్నారండి," అన్నాడు గవర్రాజు.

"సముద్రయానము. ఎండ."

ఆ సాయంత్రం రత్నం ఇంటికి వెళ్ళేసరికి వాళ్ళమ్మ పోలమ్మ గుమ్మంలో కూచుని బుట్ట కడుగుతోంది. తెల్లారకుండానే ఒడ్డుకెళ్ళి, వేలంపాటలో చేపలు కొని, ఐసు ఫ్యాక్టరీ నుంచి ఐసు తెచ్చి దంచి పోసుకుని, తడి గోనెపట్టా మడిచి నెత్తికేసుకుని బజారుకి మోయడం ఆవిడ పని. చేతుల మీది పొలుసు రుద్దుకుంటూ అడిగింది:

"ఏటే, ఇయాల నీ దొరలకి సంతకాలు అయిపోనాయా?"

"రెండిటికి అయ్యాయమ్మా. ఆడమనిషిది ఉండిపోయింది."

"ఆ బొమ్మలో ఉన్నావిడ ఎవులే ఇంతకీ?"

"ఎవరో," అంది రత్నం.

అని, చేతిలో ఉన్న టీ గ్లాసు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఏటయిందే? పురుగు పడిందా?"

రత్నానికి కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది. పెట్టింగిల్ బొమ్మ పూర్తిచేశాడు. కింద పేరు రాయాలి. కుంచెతో అటు చూపించి, దుబాసీని ఈవిడెవరని అడిగాడు. దుబాసీ తలపాగా సర్దుకుంటూ, అటు చూడనైనా చూడకుండా, "ఎవరో!" అన్నాడు. అమాయకుడైన అమెరికా వాడు ఎంతో మర్యాదగా, గుండ్రటి అక్షరాలతో అదే రాసుకున్నాడు.

మర్నాడు గవర్రాజుకి చెప్పింది. ఆయన లేచి గది తలుపు వేసొచ్చాడు.

"అమ్మాయ్, ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"మా అమ్మకండి."

"అక్కడితో ఆపు. రూలు చూశావా? అసలు దొరకని నకలు నకిలీ కింద లెక్క. నకిలీని కండెం చేసి పెరట్లో కాల్చెయ్యాలి. ఆవిడ ఎవారో అయితే ఏసీ గది. ఎవరో అయితే అగ్గిపుల్ల. తెలిసిందా?"

తెలిసింది. తెలిసే కొద్దీ అన్నం సయించడం మానేసింది. ఊరుకుంటే అబద్ధం. చెబితే మంట. చదువుకున్నదాన్ని కదా, ఉద్యోగం ఇచ్చింది నిజం రాయడానికే కదా అని ఒక పూటా, ఏ పేరుతోనైతేనేం, ఆవిడ నవ్వుతూ గోడమీద ఉంటే చాలదా అని ఇంకో పూటా. పొద్దున్నే "వచ్చేను అప్పా" అనడానికి కూడా మొహం చెల్లేది కాదు. ఆఖరికి చాలుతుందనే నిశ్చయించుకుంది. గోడకి మేకు కూడా తనే కొట్టించింది.

ఊరుకునేదేనేమో. కానీ ఎవారో వంశం వాళ్ళెవరూ దొరకలేదు, కుర్చీలో కూచోడానికి ఒక్క దొరసాని రాలేదు. అప్పుడు విశ్వపతి గారు కొత్త ఉత్తర్వు తెచ్చారు: ‘అసలు దొరకని యెడల, అసలు ఎట్లుండవలెనో కమిటీ నిర్ణయించి, నకలును తదనుగుణముగా సరిదిద్దవచ్చును.’ వెంట సినిమా కటౌట్లు గీసే పెయింటరు కూడా వచ్చాడు. అతను బొమ్మని అటూ ఇటూ చూసి, "ఛాయ నాలుగు కోటింగుల్లో తెచ్చేద్దాం సార్. ఆ గోనె తీసేసి లేసు వేద్దాం. నోరు మూయించాలా?" అన్నాడు.

"మూయించుము," అన్నారు ఉమామహేశం గారు. "కులీన స్త్రీలు పళ్ళు చూపరు."

అతను తెల్లరంగు డబ్బా మూత తెరిచాడు. ఆ వాసనకి రత్నానికి నోరు తెరుచుకుంది.

"సార్, ఆవిడ ఎవారో కాదండి. ఎవరో!"

"అదియే కదా మేమనునది."

"అది కాదండీ. ఎ-వ-రో. తెలుగు. పేరడిగితే ఎవరో అని చెప్పారండి, ఆయన అదే రాసుకున్నారు. ఈవిడ మన రేవులో ఎవరో ఒకావిడండి."

ఉమామహేశం గారు ఆ అయిదక్షరాల వైపు చూసి, పెదాలు కదిపి, అద్దాలు తీసి జేబులో పెట్టేసుకున్నారు. విశ్వపతి గారు మాత్రం చలించలేదు.

"ఎవరో అనగా గుర్తు తెలియనిది. గుర్తు తెలియనిదానికి అసలు లేదు. అసలు లేనిది నకిలీ. గవర్రాజూ, పెరడు ఖాళీగా ఉన్నదా?"

గవర్రాజు రత్నం వంక చూశాడు, చెప్పానా అన్నట్టు.

పెట్టింగిల్ వచ్చిన మంచుగడ్డల ఓడ గుర్తొచ్చి రత్నం మళ్ళీ బొమ్మ వంక చూసింది. బొమ్మలోని మనిషి మొహం మీద నీళ్ళు కారుతున్నాయి. రోజూ తమ గుమ్మంలో చూసే నీళ్ళే. నెత్తి మీది నుంచి నుదుటి మీదికి, ముక్కు మీదికి.

"అసలు ఉందండి," అంది.

"ఎవరు?"

"వ్యక్తి మారును, పోస్టు మారదు అని కమిటీ వారే అన్నారు కదండీ. మంచుగడ్డ నెత్తిన పెట్టుకుని ఒడ్డు మీద మోసే పోస్టు కొత్తరేవులో రద్దు కాలేదండి. ఈ ఊళ్ళో పొద్దున్నే చేప కూర తిన్న ప్రతివాళ్ళూ దానికి సాక్షులే. ప్రస్తుతం ఆ పోస్టులో మా అమ్మ పనిచేస్తోందండి."

విశ్వపతి గారు మినిట్స్ తిరగేశారు. నియమంలో తప్పు వెతికారు. నియమం తమ కమిటీదే కావడంతో దొరకలేదు. "ఆమెను హాజరుపరచుము. పనిలో ఉన్న స్థితిలో," అన్నారు.

మర్నాడు పోలమ్మ బజారు సగంలో ఆపుకుని, నెత్తిన గోనెపట్టాతో, దాని మీద ఐసు బుట్టతో మ్యూజియంలోకి వచ్చింది. చలవరాయి నేలంతా తడి.

"కూర్చొనుము," అన్నారు విశ్వపతి గారు.

"బుట్టతో ఎలగ కూకుంతానయ్యా? నువ్వు కూకో."

ఆయన కూచున్నారు. ఆవిడ బొమ్మ ముందు నిలబడి ఎగాదిగా చూసింది. ఒక చుక్క ఆవిడ ముక్కు మీదికి జారింది. ఆవిడ కూడా ఒక కన్ను మూసుకుంది.

"ఇది కొత్తగా ఎత్తినట్టుందే," అంది కూతురితో. "తొలీసారి ఐసు తగిలితే ఇలగే నవ్వొస్తాది. నవ్వుకోనీ. మెడనొప్పి తరవాత ఎలాగూ వస్తాది."

"నీకును ఈమెకును సంబంధమేమి?" అన్నారు విశ్వపతి గారు, ధ్రువపత్రంలో ఖాళీ ముందు కలం పెట్టి.

పోలమ్మ నవ్వింది. "ఎవులికి తెలుసయ్యా? మావోళ్ళే ఎవరో."

ఆయన ఆ ఖాళీలో ‘మావోళ్ళే ఎవరో’ అని పూర్తిచేశారు. ఆకుపచ్చ సిరాతో.

సంతకానికి లేచి బొమ్మ దగ్గరికి వెళ్తే, కలం కిర్రుమంది. ఏమిటా అని చూస్తే బొమ్మకి అద్దం ఉంది. పొద్దున్నే రత్నం బజారులో దేవుడి పటాలు కట్టేవాడి చేత దాన్ని బిగించుకొచ్చింది.

"ఇదేమి?"

"ముఖము తడిసి ఉన్నది గదండీ," అంది రత్నం, ఆఫీసు తెలుగులో, జీవితంలో మొదటిసారి. "సిరా చెదరకుండుటకు."

గవర్రాజు దగ్గు వచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు. ఆ సంతకం అద్దం మీద మొదలై కాగితం మీద ముగిసింది. చెల్లింది.

"పనైపోతే నాను పోతాను. ఐసు కరిగిపోతాంది," అని పోలమ్మ వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలోంచి అడిగింది, "ఏటయ్యా, ఈ పోస్టుకి పింఛనీ ఏటన్నా ఉందా?" దానికి జవాబు ఇంకా పరిశీలనలో ఉంది.

కొన్నాళ్ళకి అమెరికా నుంచి ఒక పండితురాలు వచ్చింది. పెట్టింగిల్ మీద సగం జీవితం ధారపోసిన ఆవిడ. మూడో బొమ్మ రంగుల్నీ గుడ్డనీ, కింద అక్షరాల గుండ్రాన్నీ భూతద్దంతో చూసి, ఇది నిస్సందేహంగా ఆయనదే అంది. మొదటి రెంటి గురించి అడిగితే కళ్ళు తుడుచుకుంది. "అవీ ఆయనవే, సంతకం పెట్టేదాకా," అంది. సంఘం వారు ఆ మాటలో మొదటి రెండు పదాలూ నివేదికలో చేర్చుకున్నారు.

వెళ్ళే ముందు ఆవిడ మూడో బొమ్మ అద్దం తుడవచ్చా అని అడిగింది. కుదరదన్నారు. ధ్రువీకరించిన సంతకాన్ని తుడిస్తే ట్యాంపరింగ్, క్రిమినల్ కేసు. అందుచేత ఆ ఆకుపచ్చ గీత ఇప్పటికీ అక్కడే ఉంది. ఎదురుగా నిలబడితే ఆవిడ నవ్వు మీదుగా మీసంలా కనబడుతుంది. కింద చీటీ రత్నమే రాసింది: ‘ఎవరో. కొత్తరేవు.’

మీరెప్పుడైనా ఆ వైపు వెళ్తే మ్యూజియంలోకి తొంగిచూడండి. ఎదురుగా నిలబడకండి, రెండడుగులు ఎడమకి జరగండి. సంతకం పక్కకి తప్పుకుంటుంది, మొహం కనబడుతుంది. తొలిసారి మంచు తగిలి నవ్వు ఆపుకోలేకపోయిన మనిషి. పేరు అడక్కండి, అడిగితే మళ్ళీ అదే జవాబు వస్తుంది. కాసేపు చూసి, ఇంటికి వెళ్ళాక కూడా ఆవిణ్ణి గుర్తుపెట్టుకోండి. మీవాళ్ళే ఎవరో అయ్యుంటారు.